అవ్వ కడిగిన చెయ్యి

వేడినీళ్లు భూమిలోంచి వాటంతటవే వస్తాయంటే మా సుకిరి వదిన చివరిదాకా నమ్మలేదు. జపాన్‌లో మేమున్న ఆఖరి రోజున ఏ పనీ పెట్టుకోకుండా, సముద్రం ఒడ్డునున్న ఒక వేడినీటి స్నానాల ఊరికి తీసుకెళ్తామని మా కాఫీ కొనేవాళ్లు చెప్పారు. ఆ మాట నేను తెలుగులో చెప్పగానే వదిన నా మొహంలోకి చూసి, "పుల్ల ఎట్టకండానే?" అంది. పుల్ల పెట్టకుండానే అన్నాను. "మరి కింద మంట ఎవులెడతన్నారు?" అంది. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనదాన్ని కదా, నోరు ఊరుకోదు. అగ్నిపర్వతాల గురించి, భూమి పొరల గురించి నాకు తెలిసినదంతా విప్పి చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "అయితే ఆ కిందకి పుల్లలు మోసేది కూడా ఎవులో ఆడమనిసే అయ్యుంటాది," అని తేల్చేసింది. అగ్నిపర్వతాల మీద అంతకంటే మంచి జవాబు ఏ పిల్లా నాకు పరీక్షలో రాయలేదు.

సుకిరి మా మేనమామ కూతురు. నాకంటే రెండేళ్లు పెద్ద. తర్వాత మా అన్నయ్యను చేసుకుంది కానీ, పెళ్లికి ముందునుంచీ నాకు వదినే. అరకు దగ్గర డుంబ్రిగుడ సంతకు పైన కొండవాలులో మా ఊరు. అక్కడ కాఫీ పెంచే ఆడవాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘం తరఫున ఐదుగురం వెళ్లాం. నలుగురు రైతులు. నేను మాత్రం ఇంగ్లీషు ముక్కలు వచ్చినందుకు తోడు. ఆ నలుగురిలో ముగ్గురు పడుచువాళ్లు, వదిన ఒక్కతే ముసలిది. ఏళ్ల తరబడి వాలులెక్కి దిగి ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. మా వెంట తిరిగిన హనా అనే అమ్మాయి, ఆ నీళ్లలో కూర్చుంటే మోకాళ్ల నొప్పులు తగ్గుతాయని చెప్పినప్పటినుంచి ఆవిడకు వేరే ధ్యాస లేదు. ఎత్తు మేడలు చూపించినా, గాలిలా పోయే రైలు ఎక్కించినా, "బాగుంది, ఏడినీళ్లకి ఎప్పుడెల్తాం?" అనే అడిగింది. బస్సులో నా చెవి దగ్గరకొచ్చి చిన్నపిల్లలా చెప్పింది: "మెడదాకా మునగాల గుంటా. ఒక్కసారి." గుంట అంటే మా వైపు చిన్నపిల్ల; నాకు అరవై దాటినా ఆవిడకు నేను గుంటనే.

ఆ కోరిక ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మా కొండల మీద చలికాలం తెల్లారేసరికి గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు ఉండేది. పెరట్లో మూడు రాళ్ల మీద పెద్ద కుండ, దాని కింద రోజంతా ఆరకుండా కాలే మొద్దు, ఆ కుండకు అధికారి మా అవ్వ. అవ్వ అంటే నాకు అమ్మమ్మ, సుకిరికి నాయనమ్మ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, నీళ్లలో నీలగిరి ఆకులు వేసి, మోచెయ్యి ముంచి వేడి చూసేది. ముందు తాతకు, తర్వాత మగవాళ్లకు, తర్వాత పిల్లలకు, ఆఖర్న ఆడవాళ్లకు. కుండలో మిగిలినదాన్ని బట్టి వాళ్ల స్నానం. చాలా రోజులు అడుగున మిగిలేది నాలుగు చెంబులూ ఆకుల మడ్డీ. అయినా మా ఇద్దర్నీ అవ్వ ఒకే బండ మీద వీపు వీపు ఆనించి కూర్చోబెట్టి, చెంబుడు నాకు, చెంబుడు దానికి, తేడా రాకుండా పోసేది. వీపు మీద వేడి దిగేటప్పుడు పొగ వాసన, నీలగిరి వాసన, అవ్వ చేతుల పొగాకు వాసన ముప్పేటగా వచ్చేవి. చెంబుకీ చెంబుకీ మధ్య మాత్రం పళ్లు టకటకలాడేవి. వెచ్చదనం మా చిన్నప్పుడు చెంబు చొప్పున వచ్చేది. మునిగేంత ఉంటుందని మాకు తెలియదు.

బస్సు దిగేసరికి సముద్రం నీలంగా, పెద్ద చప్పుడు లేకుండా ఉంది. ఊళ్లో గోడల పక్కన, కాలువల మీద ఆవిరి లేస్తోంది. ఒకచోట ఆ ఆవిరి మీదే గుడ్లూ చిలగడదుంపలూ ఉడకేసి అమ్ముతున్నారు. వదిన ఆ కాలువలో వేలు పెట్టి, చురుక్కుమనగానే వెనక్కి లాక్కుని, "ఓలమ్మో, నిజిమే!" అని ఊరంతా వినబడేలా అరిచింది. స్నానాల ఇంట్లో చెప్పులు విప్పించి, చిన్న చిన్న అరల్లో పెట్టించారు. లోపల కొత్త చాపల వాసన. కౌంటరు వెనక నా వయసే ఉన్న ఒకావిడ లేచి, నడుం వంచి నమస్కరించింది. మేమూ వంగాం. ఆవిడ మళ్లీ వంగింది. మేమూ మళ్లీ వంగాం. ఈ వంగడాలు పూర్తయి తలెత్తేసరికి ఆవిడ కళ్లు వదిన నుదుటి మీద ఆగాయి. అక్కణ్ణుంచి చేతుల మీదకు దిగాయి. తర్వాత రెండు చేతులతో, ఎంతో మర్యాదగా, ఒక చిన్న పలక మా ముందు పెట్టింది. పలక మీద ఒక చెయ్యి బొమ్మ, ఆ చేతి మీద నల్ల గీతలు, వాటిని కొట్టేస్తూ ఎర్రటి అడ్డగీత.

వదిన నుదుటి మీద పచ్చబొట్టు ఉంది. రెండు చేతులకు మణికట్టు నుంచి మోచేతిదాకా ఉంది. పిక్కల మీదా ఉంది. మూడు వరసల చుక్కలు, మధ్యలో దువ్వెన పళ్లలాంటి గీతలు. అది మా ఇంటి ఆడవాళ్ల గుర్తు. హనా మొహం కందిపోయింది. ఈ దేశంలో పచ్చబొట్లు పాత రోజుల్లో రౌడీ ముఠాలవాళ్లు పొడిపించుకునేవారనీ, వాళ్లను చూసి జనం జడుసుకునేవారనీ, అందుకే చాలా స్నానాల ఇళ్లలో రానివ్వరనీ, ఈ సంగతి తనకు ముందే తట్టాల్సిందనీ ఇంగ్లీషులో గబగబా చెప్పింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇది రౌడీతనం కాదు, ఇది ఆవిడ నాయనమ్మ పెట్టిన గుర్తు, ఈవిడ చీమకు కూడా హాని చేసే మనిషి కాదు అని ఇంగ్లీషులో ఉపన్యాసం దంచాను. కౌంటరావిడ అంతా హనా నోట విని, మళ్లీ వంగి, లోపలికి వెళ్లి ఒంటిరంగు స్టిక్కర్లు తెచ్చింది. ఒకటి తీసి వదిన చేతి మీద ఆనించి చూసింది. అడ్డాకుతో ఏనుగుని కప్పినట్టుంది. పాపం, ఆవిడకే నవ్వాగలేదు.

ఇదంతా అయ్యేదాకా వదినకు ఒక్క ముక్క చెప్పకుండా అటూ ఇటూ మాట్లాడుతూనే ఉన్నాను. "ఏటంతన్నారే?" అంటే, "లోపల జనం నిండిపోయారట, ఆగమంటున్నారు" అన్నాను. అబద్ధం ఆడటం నాకు చేతకాదు, మొహం చెప్పేస్తుంది. వదిన పలక దగ్గరకు వెళ్లి, బొమ్మను చూసి, తన చెయ్యి దాని పక్కన పెట్టి చూసుకుంది. "ఇది నా సెయ్యే కదేటి?" అంది. ఇక దాచలేక చెప్పేశాను. రౌడీలు అన్న మాట వినగానే కడుపు పట్టుకుని నవ్వింది. "నన్ను సూసి రౌడీ అనుకున్నారా! మీ అన్నకి ఫోన్ సేసి సెప్పాల, ఇకనుంచైనా బయపడతాడు." అందరం నవ్వాం. నవ్వు అయిపోయాక ఆవిడ కిటికీలోంచి ఆవిరి వైపు చూసింది.

ఆ గుర్తులు పొడిచిన రోజున నేనూ పక్కనే ఉన్నాను. చోళ్ల పంట, అంటే రాగులు, కోసి నూర్చిన తర్వాత, కొండకు అవతల ఒడిశా వైపు నుంచి ఒకామె ఊరూరూ తిరుగుతూ వచ్చేది. ఆముదం దీపం మీద పెంకు బోర్లించి పట్టిన మసి, ఏదో ఆకు పసరు, కట్టగా కట్టిన మూడు సూదులు, ఇవే ఆమె సామాను. ముందు సుకిరి. ఒక్క కన్నీటి బొట్టు రాల్చకుండా కూర్చుంది. తర్వాత నేను. అవ్వ నన్ను ఒళ్లో వేసుకుని, నా తల చంకలో నొక్కిపట్టుకుంది. ఎడమ ముంజేయి లోపలివైపు చుక్కలూ దువ్వెనా పూర్తయ్యేసరికి నేను ఊరు ఎగిరిపోయేలా ఏడ్చి, తప్పించుకుని ఊరి కింద పారే గెడ్డ దాకా పరిగెత్తాను. మిగతావి వచ్చే ఏడాది పొడిపిద్దామని వదిలేశారు. ఆ సాయంత్రం అవ్వ పసుపు రాస్తూ చెప్పింది. "సచ్చినాక ముక్కుపుడక తీసేత్తారు. కాళ్ల కడియాలు తీసేత్తారు. కొత్త సీర కడతారు గానీ అదీ బూడిదే. ఇదొక్కటే మనతో వత్తాది. పైన అందరూ ఒకేలాగుంటారంట. ఇది సూసే నా గుంటలని గుర్తుపడతాను. లేకపోతే ఎలగ?" అవ్వ ఆ మాట భయపెట్టడానికి అనలేదు. సంతలో తప్పిపోతే ఎక్కడ నిలబడాలో చెప్పినట్టు చెప్పింది.

మరుసటి ఏడాది ఆ సూదులామె వచ్చేసరికి నేను ఊళ్లో లేను. చదువు బాగా వస్తోందని నన్ను ఇంటికి దూరంగా హాస్టల్లో ఉంచి హైస్కూల్లో చేర్చారు. కింద మైదానాల నుంచి వచ్చి సంతవీధుల్లో దుకాణాలు పెట్టుకున్నవాళ్ల పిల్లలు కూడా ఆ స్కూల్లోనే చదివేవారు. నా బెంచీలో పక్కన కూర్చునే అమ్మాయి ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "ఇది కడిగితే పోదా?" అని అడిగింది. ఆ అమ్మాయి చెడ్డది కాదు, నాకు పచ్చళ్లు తెచ్చిపెట్టేది. నిజంగానే తెలియక అడిగింది. కానీ ఆ రోజునుంచి ఆ చెయ్యి నాకు మురికి చెయ్యిలా కనిపించడం మొదలైంది. గెడ్డలో ఇసుకతో రుద్దాను. చింతపండుతో రుద్దాను. చివరికి అడవిలో నల్లజీడి గింజలు ఏరుకొచ్చి, పగలగొట్టి, ఆ రసం చుక్కల మీద పట్టించాను. చాకళ్లు బట్టలకు గుర్తులు పెట్టేది ఆ రసంతోనే. గుర్తు పెట్టే రసానికి గుర్తు తీయడమూ తెలిసే ఉంటుందని పన్నెండేళ్ల బుర్రకు తోచింది. రాత్రికి చెయ్యి బొబ్బలెక్కింది. మూడో రోజుకు చీము పట్టి జ్వరం వస్తే ఇంటికి పంపేశారు.

అవ్వ కట్టు విప్పి చూసింది. నేను దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. లేచి పెరట్లోకి వెళ్లి కుండ కింద మంట ఎగదోసింది. ఆ రోజునుంచి పుండు మానేదాకా, ప్రతి సాయంత్రం తాత కంటే ముందు నాకే తొలి చెంబు. వేపాకూ పసుపూ వేసి కాచిన నీళ్లు గోరువెచ్చగా పోస్తూ, నా చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మానుతున్న చర్మం చుట్టూ వేలు తిప్పుతూ చాలాసేపు కూర్చునేది. ఒక్కనాడూ ఎందుకు చేశావే అని అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చుక్కలు పోయాయి, దువ్వెన పోయింది, వాటి చోట ముడతలు పడ్డ మచ్చ మిగిలింది. నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉండగా అవ్వ పోయింది. వానలకు ఘాట్ రోడ్డు తెగి, నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి. అప్పటినుంచి నాకొక భయం పట్టుకుంది. పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని, నవ్వుకోండి. పైకి వెళ్తే అవ్వ అందర్నీ చూసుకుంటూ వచ్చి, నా దగ్గర ఆగకుండా వెళ్లిపోతుందేమోనని. ఉద్యోగంలో చేరినప్పటినుంచి పొడుగు చేతుల జాకెట్టే వేసుకున్నాను. మండుటెండలో కూడా. తోటి టీచర్లు నాకు చలి ఎక్కువనుకునేవారు.

కౌంటరావిడ ఇప్పుడు నా వైపు తిరిగి, నాకు కూడా ఏమైనా ఉన్నాయా అని హనా చేత అడిగించింది. జాకెట్టు చెయ్యి పైకి లాగాను. ఆవిడ మచ్చను చూసి, పాపం అన్నట్టు తల ఊపి, వంగింది. దీనికి అభ్యంతరం లేదట. నేను వెళ్లొచ్చట. పన్నెండేళ్లప్పుడు ఏ పరీక్ష పాసవ్వాలని ఒళ్లు కాల్చుకున్నానో అది ఆ క్షణాన పాసయ్యాను. ముగ్గురు పడుచులూ ఆడవాళ్ల స్నానాల గదికి కట్టిన ఎర్ర తెర తొలగించుకుని లోపలికి వెళ్తున్నారు. వాళ్ల చేతులు నున్నగా ఉన్నాయి. వాళ్లకు ఎవరూ పొడిపించలేదు, వద్దన్నది మా తరం టీచర్లమే. ఇప్పుడు అరకు చూడ్డానికి వచ్చే పట్నంవాళ్లు ముసలమ్మల చేతులు పట్టుకుని ఫోటోలు తీసుకుంటున్నారు. వదిన మనవరాలు విశాఖ బీచ్ రోడ్డులో మిషనుతో భుజం మీద సీతాకోకచిలుక వేయించుకుని వచ్చింది. ఆ పిల్ల ఆ భుజాన్ని దాచుకోదు. చూసినప్పుడల్లా నాకు ముచ్చటా వేస్తుంది, ఏడుపూ వస్తుంది.

"నువ్వెల్లు గుంటా. ఇంత దూరం ఒచ్చి మునక్కండా పోతావేటి? నానిక్కడ సముద్రం సూస్తా కూకుంటాను," అంది వదిన. నిజం చెప్పాలి కదా, నేను ఎర్ర తెర వైపు రెండడుగులు వేశాను. అద్దాల అవతల ఆవిరి, దాని వెనక సముద్రం, నా ఒంటికి ఆశపుట్టింది. మూడో అడుగు పడలేదు. వెనక్కొచ్చి కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, ఆవిడ లేకుండా నేను వెళ్లను, బస్సు వచ్చేదాకా ఇద్దరం ఇక్కడే కూర్చుంటాం అన్నాను. ఉపన్యాసానికి కరగని కౌంటరావిడ దానికి కరిగింది. హనాతో ఏదో గుసగుసలాడి, గోడకున్న తాళంచెవి ఒకటి తీసింది. కుటుంబాలకు విడిగా ఇచ్చే చిన్న గది ఒకటుందట. పెద్ద తొట్టిలో నుంచి కనిపించినంత సముద్రం కనపడదు, కొంచెమే కనపడుతుంది, ముప్పావుగంటే ఇవ్వగలం, క్షమించండి అంది. వదిన ఏం అర్థమైందో ఏమో ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. పచ్చబొట్ల చేతుల మధ్య ఆవిడ తెల్లటి చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి.

గదిలో చెక్కతొట్టి, పక్కన చిన్న పీటలు, చెక్క బాల్చీలు. తొట్టిలో దిగేముందు పీట మీద కూర్చుని ఒళ్లు శుభ్రంగా కడుక్కోవాలి. అది చూసి వదిన "మన పెరడులాగే ఉందే" అని, నా వీపుకు తన వీపు ఆనించి కూర్చుని బాల్చీతో నీళ్లు పోసుకుంది. తర్వాత మోకాళ్లు పట్టుకుని, ఉస్సుమంటూ ఒక్కో మెట్టూ దిగి, మెడదాకా మునిగింది. కళ్లు మూసుకుంది. నేనూ పక్కన దిగాను. పెదవులకు తగిలిన నీళ్లు ఉప్పగా ఉన్నాయి. కిటికీలో అరచేతి వెడల్పున సముద్రం. ఆవిడ మొహంలో ముడతలు ఒక్కొక్కటే విప్పుకుంటున్నట్టుంటే, ఇంత నీళ్లు అవ్వకు ఒక్కనాడు దొరికి ఉంటే అనిపించింది. పైకే అన్నాను. వదిన కళ్లు తెరవకుండానే నవ్వి, నీళ్లలో తడుముకుని నా ఎడమ చెయ్యి పట్టుకుంది. మచ్చ మీద బొటనవేలు పెట్టింది. అవ్వ తర్వాత దాన్ని ముట్టుకున్న మొదటి మనిషి ఆవిడే.

"ముసిల్ది దీన్ని నేర్సుకునేది, నీకు తెలుసా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"రోజూ కడిగేది కదా. అప్పుడు కళ్లు మూసుకుని ఏలు తిప్పుకునేది. నువ్వు నిద్దరోయినాక కూడా దీపం ఆర్పీసి తడిమేది. ఏటవ్వా సేత్తన్నావు అని నాను అడిగినాను. నేర్సుకుంటన్నాను అంది. 'సుక్కలు సూసి దీన్ని గుర్తుపడదాం అనుకున్నాను. ఇప్పుడయి లేవు గదా. మరి ఇదే నేర్సుకోవాల. పైన కళ్లు అగుపిస్తాయో లేదో, ఏలికి తెలియాల' అంది. తను పోయే దినాన కూడా నా సెయ్యి లాక్కుని దాని మీద గీసి సూపించినాది. ఇక్కడెత్తు, ఇక్కడ పల్లం, సరిగ్గానే ఉందా అని అడిగినాది. సరిగ్గానే ఉంది అవ్వా అన్నాను."

ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదని అరిచినంత పని చేశాను.

"నువ్వెప్పుడు సెయ్యి ఇప్పినావు? పొడుగు సేతులేసుకుని తిరిగితివి. ఆ మాటెత్తితే నీకు బాదని ఊరుకున్నాను."

నేను తొట్టి అంచు పట్టుకుని ఏడ్చాను. గెడ్డ దాకా పరిగెత్తిన రోజున కూడా అంత ఏడవలేదు. వదిన ఆపమనలేదు. తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు, ఇంకో పది నిమిషాలే ఉందని హనా గొంతు వినిపించింది. నేను మొహం కడుక్కుని, కుడి చేతి వేలు మచ్చ మీద పెట్టి చూశాను. ఎత్తు ఎక్కడో, పల్లం ఎక్కడో నాకు తెలియలేదు. నా చెయ్యే, అయినా నేనెన్నడూ తాకింది కాదు. అవ్వకు తెలిసినంత నాకు తెలియదు. "నాకు చూపించు వదినా," అన్నాను. ఆవిడ దగ్గరకు జరిగి, కళ్లు మూసుకోమని, నా వేలు పట్టుకుని ఆ మచ్చ చుట్టూ మెల్లగా నడిపించింది. ఇక్కడెత్తు. ఇక్కడ పల్లం.